పికప్ వెనక కమాన్ కట్టలు మార్చడం: పని ప్రాణం యూ బోల్టుల్లోనే

బొలెరో పికప్ లాంటి బండి వెనక ఒక పక్కకు వాలితే చాలామంది మొదట టైరు గాలి చూస్తారు. గాలి సరిగ్గానే ఉంటే చూడాల్సింది కమాన్ కట్ట, అంటే బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్ట (లీఫ్ స్ప్రింగ్). చదునైన చోట ఖాళీ బండి నిలిపి, చక్రం మధ్య నుంచి దాని పైనున్న బాడీ అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. తేడా 20 మిల్లీమీటర్లు దాటితే తక్కువ వచ్చిన పక్క కట్ట కుంగినట్టో, లోపల పట్టీ విరిగినట్టో అనుకోవాలి. రెండు పక్కలా ఒకేలా కుంగితే ఈ కొలతకు దొరకదు. అప్పుడు ఛాసిస్ కిందున్న బంప్ రబ్బరు (యాక్సిల్ ఛాసిస్‌కు తగలకుండా ఆపే దిమ్మె) చూడండి. అది నలిగిపోయి, యాక్సిల్ మీద దాని దెబ్బ తాజాగా మెరుస్తుంటే బరువు మోస్తున్నది కమాన్ కాదు, ఆ రబ్బరే.

విరిగిన పట్టీ పైకి కనపడకపోవచ్చు. ఎక్కువగా విరిగేది కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టుల (యూ బోల్టుల) బిగింపు కింద, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర. పట్టీల సందులో ఒక్కచోట నుంచే ఎర్రటి తుప్పు గీతలా కారుతుంటే అనుమానించాల్సిందే. కట్ట విప్పాక ఆ విరుపు చూడండి. కొంత భాగం నల్లబడి నునుపుగా ఉంటుంది, మిగతాది బూడిదరంగులో చక్కెర పలుకుల్లా గరుగ్గా ఉంటుంది. నల్లటిది చాలా రోజులుగా మెల్లగా పాకుతూ వచ్చిన బీట. గరుగ్గా ఉన్నది చివరి గుంతలో ఒక్క దెబ్బకు తెగింది.

బీట రంధ్రం దగ్గరే మొదలైతే తప్పంతా బరువు మీద వేయొద్దు, యూ బోల్టులు వదులయ్యాయేమో చూడండి. బిగింపు గట్టిగా ఉన్నంతకాలం కట్ట మధ్య భాగం వంగదు, రంధ్రానికి పని ఉండదు. వదులైతే పట్టీ సరిగ్గా రంధ్రం దగ్గరే వంగడం మొదలుపెడుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ యాక్సిల్ లాగే బలం సన్నటి సెంటర్ బోల్టు మీద పడి, ఆఖరికి అదీ తెగుతుంది. అప్పుడు యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగి బండి అడ్డంగా నడుస్తుంది.

పాత కట్టను కొట్టించి వంపు తెప్పిస్తే తక్కువలో పోతుందనే మాట ఎక్కడైనా వినిపిస్తుంది. సుత్తి దెబ్బ పడిన ప్రతి గుంటా తర్వాత బీటకు మొదలు. పట్టీని కాల్చి వంచితే ఉక్కు పదును పోతుంది. వెల్డింగ్ అయితే అసలు చేయకూడదు. అదనపు పట్టీ వేయించడం కూడా అంతే: ఆర్సీలో రాసిన బరువు దానితో పెరగదు, బ్రేకులూ టైర్లూ యాక్సిల్ గొట్టమూ పాతవే. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కువేసుకోవడానికి పట్టీ కలిపితే విరుపు కమాన్ నుంచి, దాని చివరలను ఛాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్‌కు మారుతుంది.

కొనాల్సినవి ఇవి: కమాన్ కట్టలు రెండు (ఎప్పుడూ జతగానే, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే బండి మళ్లీ వాలుతుంది), యూ బోల్టులు నాలుగు, వాటికి నట్లు ఎనిమిది, వాషర్లు, రెండు పక్కలకూ బుష్‌లు (కట్ట చివరి రంధ్రాల్లో కూర్చునే గొట్టాలు), షాకిల్ (కట్ట వెనక చివరను ఛాసిస్‌కు కలిపే, ఊగే లంకె) బోల్టులు. పాత యూ బోల్టులు బాగున్నట్టే కనిపిస్తాయి, కానీ మళ్లీ వాడొద్దు. ఒకసారి పూర్తి బిగింపు పడిన బోల్టు సాగి ఉంటుంది, మరలు అరిగి ఉంటాయి. అదే టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించినా ఈసారి అంత పట్టు రాదు. పనిముట్లలో జాకీలు రెండు, స్టాండ్లు రెండు, టార్క్ రెంచి తప్పనిసరి. పానా వెనక పైపు తొడిగి బలం కొద్దీ లాగడం బిగింపు కొలత కాదు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కట్టలు కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లడం మేలు. రెంటినీ పక్కపక్కన పెట్టి సెంటర్ బోల్టు నుంచి ముందు బుష్ రంధ్రానికీ, వెనక బుష్ రంధ్రానికీ విడివిడిగా కొలవండి. చాలా బండ్లలో ఈ రెండు దూరాలూ సమానంగా ఉండవు. అలాంటి కట్టను తిరగేసి వేస్తే అది హ్యాంగర్లలో చక్కగానే కూర్చుంటుంది, కానీ యాక్సిల్ మాత్రం తన చోట ఉండదు. వెనక యాక్సిల్‌ను తిప్పే జాయింట్ షాఫ్టు శబ్దం చేశాకే విషయం బయటపడుతుంది. పట్టీల లెక్క, వెడల్పు, సెంటర్ బోల్టు తల సైజు కూడా సరిపోవాలి. తల చిన్నదైతే యాక్సిల్ సీటు (కట్ట కూర్చునే చోటు) రంధ్రంలో ఆడుతుంది.

ముందురోజు రాత్రే నట్లన్నిటి మరలకు తీగబ్రష్ కొట్టి, తుప్పు వదిలించే నూనె పోయండి. పని సిమెంటు నేల మీద చేయండి, మట్టి మీద స్టాండు దిగబడుతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, వెనక చక్రాల నట్లు నేల మీదుండగానే కొంచెం వదులు చేయండి. బండిని లేపి, కమాన్ ముందు హ్యాంగర్‌కు కాస్త ముందుగా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. తర్వాత యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రాలు తీయండి.

ఒక పక్క పూర్తిగా ముగిశాకే రెండో పక్క ముట్టుకోండి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. అది మెలి తిరిగి బ్రేకు హోస్‌ను లాగేస్తుంది. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసి, హ్యాండ్ బ్రేకు కేబులు, బ్రేకు హోస్ ఎంతవరకు సాగుతాయో చూడండి. బరువును బట్టి వెనక బ్రేకును మార్చే వాల్వు ఉంటే దాని కడ్డీని కూడా విప్పండి. కడ్డీ ఏ మరలో ఉందో పెయింటు గుర్తు పెట్టుకోండి.

యూ బోల్టు నట్లు రాకపోతే గ్యాసుతో కోయాలనిపిస్తుంది. పక్కనే బ్రేకు పైపు, కాస్త ముందు డీజిల్ ట్యాంకు ఉంటాయి. గ్రైండరుతో నట్టును నిలువునా చీల్చడమే మంచిది. నిప్పురవ్వలు పైపు మీద పడకుండా తడి గోనె కప్పండి. బోల్టులు వచ్చాక షాకిల్, ఆ తర్వాత ముందు బోల్టు తీయాలి. బోల్టు కదలకపోతే సమ్మెట ఎత్తకండి. చాలాసార్లు తప్పు జాకీ ఎత్తుది. జాకీని వేలెడంత పైకీ కిందకీ ఆడిస్తూ బోల్టును తిప్పి చూడండి. కమాన్ మీద బరువు పోయిన ఎత్తులో అది చేతికే తిరుగుతుంది. అప్పటికీ రాకపోతే బుష్ లోపలి గొట్టానికి తుప్పు పట్టుకుందన్నమాట. హ్యాంగర్‌కూ బుష్‌కూ మధ్య రంపంతో రెండు చోట్లా కోసేయడమే దారి.

కట్ట బయటికొచ్చాక యాక్సిల్ సీటును తీగబ్రష్‌తో గీకి లోహం కనపడేలా చేయండి. సీటు రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా సాగి ఉందా, సీటు వెల్డింగ్ చుట్టూ బీట ఉందా చూడండి. కోలగా ఉంటే కొత్త కట్ట కూడా ఎక్కువ కాలం నిలవదు, ముందు సీటు బాగుచేయించాలి. బిగింపు పడే చోట మందంగా పెయింటు కొట్టొద్దు. అది నాలుగు రోజుల్లో నలిగి, అంత మేర యూ బోల్టు వదులవుతుంది.

కొత్త కట్ట ముందు వైపు మొదట ఎక్కించి బోల్టు చేతి బిగుతుకే వదలండి. వెనక షాకిల్ కూడా అంతే. యాక్సిల్‌ను జాకీతో మెల్లగా లేపుతుంటే సెంటర్ బోల్టు తల సీటు రంధ్రంలోకి దిగాలి. దిగిందని కళ్లతో చూడాలి. తల అంచు మీద నిలిచిపోయినా యూ బోల్టులు బిగిసిపోతాయి, మొదటి లోడుకే యాక్సిల్ జారుతుంది.

ఇక యూ బోల్టులు. నాలుగు నట్లూ చేత్తో సమానంగా దించి, అన్ని కాళ్లకూ బయటికొచ్చిన మరలు ఒకే పొడవు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఎదురెదురు మూలల క్రమంలో, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో బిగించండి: ముందు సగం, తర్వాత ముప్పావు, చివరికి పూర్తి టార్క్. ఈ సైజు పికప్‌లకు సాధారణంగా 100 నుంచి 150 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి అదే వాడండి. ఒకే నట్టును చివరిదాకా లాగితే కట్ట ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది.

ముందు బోల్టు, షాకిల్ బోల్టులు ఇప్పుడే బిగించొద్దు. రెండో పక్క కూడా అయ్యాక చక్రాలు వేసి బండిని నేల మీదికి దించండి. వెనక ఎక్కి నాలుగుసార్లు ఊపి, బరువు చక్రాల మీదుండగానే బిగించండి. రబ్బరు బుష్ బిగించిన భంగిమనే తన చోటుగా పట్టుకుంటుంది. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే నేల మీదికి రాగానే మెలిపడి, కొన్నాళ్లకే చిరుగుతుంది. గ్రీజు నిపుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) ఉన్న ఇత్తడి బుష్‌లకు ఈ బాధ లేదు. వాటికి పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్ను కొట్టాలి, షాకిల్ చేత్తో ఊగేంత స్వేచ్ఛ ఉండాలి.

చివరగా రెండు పక్కలా ముందు బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు కొలవండి. తేడా 5 మిల్లీమీటర్లు దాటితే ఒక పక్క సెంటర్ బోల్టు సరిగ్గా కూర్చోలేదని అర్థం, విప్పి చూడాల్సిందే. వెనక ఎత్తు పెరిగింది కాబట్టి హెడ్‌లైట్ల వెలుగు కిందికి దిగుతుంది, సరిచేసుకోండి. వాల్వు కడ్డీని గుర్తు దగ్గరే బిగించి, కొత్త ఎత్తుకు దాన్ని మాన్యువల్ ప్రకారం సెట్ చేయించండి. అది చేయకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తక్కువ పడుతుంది.

మొదటి లోడు దించాక, లేదా 100 కిలోమీటర్లకు, యూ బోల్టు నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించండి. ఈసారి చాలా నట్లు కొంచెం తిరుగుతాయి, పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నందువల్లే. 1,000 కిలోమీటర్లకు మరోసారి చూడండి. అప్పుడూ తిరిగితే సీటు మీద పెయింటో, తుప్పు పెచ్చో మిగిలింది, లేదా సీటే వంగింది. కట్ట దించి చూడాలి.