పారాసెటమాల్ కదల్లేదు, ఐబుప్రోఫెన్ మాత్రం జారింది

జీడిమెట్లలో ఓ చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. 400 మి.గ్రా. ఐబుప్రోఫెన్, 325 మి.గ్రా. పారాసెటమాల్ కలిసిన మాత్రకు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరీక్ష) పద్ధతి తయారు చేస్తున్నాం. ఐబుప్రోఫెన్ పీక్ (అది బయటికొచ్చినప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరం) ఒకరోజు 7.2 నిమిషాలకు వస్తే మర్నాడు 6.1కే వచ్చేసింది.

"అన్నా, కాలమ్ మార్చేద్దామా?" అన్నాడు పక్క బెంచీ తమ్ముడు. కాలమ్ అంటే పదార్థాలను వేరుచేసే గొట్టం; మాది కొత్త సీ18 రకం. పైగా పారాసెటమాల్ పీక్ రెండు రోజులూ ఒక్కచోటే ఉంది. పంపులో లోపమైతే రెండూ జరగాలి కదా! ఆ రెండు రోజుల గ్రాఫ్‌లను (క్రొమటోగ్రామ్‌లను) ఒకదానిమీద ఒకటి పెట్టి చాలాసేపు చూశాను.

అనుమానం బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) మీదికి పోయింది. మేం వాడింది పీహెచ్ 4.5 అసిటేట్. ఐబుప్రోఫెన్ ఆమ్లం, దాని పీకేఏ (సగం అయాన్‌గా మారే పీహెచ్) కూడా ఆ దగ్గర్లోనే. అక్కడ పీహెచ్ కాస్త పెరిగినా అయనీకరణ పెరుగుతుంది, అయాన్ రూపం సీ18ను అంతగా పట్టుకోదు, పీక్ ముందుకొస్తుంది. పారాసెటమాల్ పీకేఏ 9.5 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి దానికి ఈ తేడా పట్టదు. లాగ్‌బుక్ తిరగేస్తే దొరికింది: ఒకరోజు పీహెచ్‌ను అసిటోనైట్రైల్ (బఫర్‌తో కలిపి కాలమ్‌లోకి పంపే ద్రావణి) కలిపాక సరిచేశారు, మర్నాడు కలపకముందు. ద్రావణి కలిశాక మీటర్ చూపేది నీటిలోని విలువ కాదు.

ఫాస్ఫేట్ బఫర్‌కు మారి, నీటిలో ఉండగానే పీహెచ్ 3.0కు తెచ్చి, వడగట్టి, ఆ తర్వాతే అసిటోనైట్రైల్ కలిపాను. ఐబుప్రోఫెన్ ఆలస్యమైంది గనక అసిటోనైట్రైల్ శాతం పెంచాను. ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే పీక్ వైశాల్యంలో హెచ్చుతగ్గులు (ఆర్‌ఎస్‌డీ) 0.6 శాతమే. వారం తర్వాత కొత్త బఫర్‌తోనూ పీక్ అక్కడే నిలబడింది.