పెద్ద కుక్కా చిన్న కుక్కా ఒకే ఇంట్లో – 4వ పాఠం: ఆట మధ్యలో ఆపడం

మూడో పాఠంలో రెండింటినీ గేటు బయట పక్కపక్కన నడిపించాం. ఈపాటికి ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటై ఉంటుంది. గ్రిల్ తలుపుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి పడుకుని కునుకు తీస్తున్నాయంటే ఈ పాఠానికి మీరు సిద్ధమైనట్టే. గ్రిల్ దగ్గర మొరుగుళ్లు ఇంకా ఆగకపోతే తొందరేం లేదు, మరో వారం మూడో పాఠంలోనే ఉండండి.

ఈసారి నేర్పాల్సింది ఒక్కటే. రెండూ ఆడుకుంటుండగా మీరు ఒక మాట అంటే పెద్దది ఆగాలి. అరిచి, మెడపట్టీ లాగి ఆపడం కాదు, మామూలు గొంతుతో అన్న ఒక్క మాటకే ఆగాలి.

మన ఉదాహరణ జంట పాతదే. లాబ్రడార్ బ్రూనో 30 కిలోలు, పామేరియన్ మిన్నీ 3 కిలోలు. పది రెట్ల తేడా అంటే, 60 కిలోల మనిషి 600 కిలోల ఒంగోలు ఎద్దుతో కబడ్డీ ఆడినట్టు. ఎద్దుకి మన మీద పగేం ఉండక్కర్లేదు, కాలు కాస్త పక్కకి పడితే చాలు. 'మా బ్రూనో బంగారం అండీ, ఏమీ అనడు' అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే: వాడి గుణం సంగతి తర్వాత, ముందు బరువు సంగతి చూడండి. పైగా పెద్ద జాతులు పెద్దరికం తెలుసుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఎనిమిది నెలల లాబ్రడార్ ఒంటికి పెద్దది, బుర్రకి పసిపిల్ల. అదే వయసు పామేరియన్ దాదాపు ఎదిగిపోయి ఉంటుంది. ఈ పాఠం అవసరం ఎక్కువగా పడేది ఆ వయసులోనే.

ముందు మీ కళ్లకి పని

మాట నేర్పేముందు చూడటం నేర్చుకోవాలి. ఆట సరిగ్గా సాగుతుంటే కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది. నోరు తెరిచి, నాలుక వేలాడేసి, అవసరానికి మించి గెంతుతుంది. ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి 'రా, పట్టుకో' అన్నట్టు ఒక్క క్షణం ఆగుతుంది. తెలివైన పెద్ద కుక్క తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. వెల్లకిలా పడుకుని చిన్నదాన్ని మీదికి ఎక్కనిస్తుంది, కావాలనే ఓడిపోతుంది. ఒకసారి అది తరిమితే ఇంకోసారి ఇది తరుముతుంది. ఎంతసేపు చూసినా ఒకటే తరుముతూ ఇంకొకటే పారిపోతుంటే, రెండోదానికి అది ఆటలా లేదన్నమాట.

ఆట చెడేటప్పుడు నోరు చూడండి. మూసుకుంటుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, తోక నిటారుగా లేచి కదలడం మానేస్తుంది, చెవులు ముందుకొస్తాయి, చూపు చిన్నదాని మీదే అతుక్కుపోతుంది. చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆటలో గుర్రుమనడం మామూలే, కొన్ని కుక్కలు ఆడినంతసేపూ గుర్రుమంటూనే ఉంటాయి. వాటికన్నా, గోల చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి సద్దుమణిగిన కుక్కని చూసి టెన్షన్ పడండి.

ఎందుకంటే, ఆట వేటగా మారేది అక్కడే. మిన్నీ బెదిరి, కీచుమని అరిచి పరుగు తీసిందనుకోండి. కీచు గొంతు, నేల మీద పారిపోయే చిన్న ఒళ్లు... కుందేలు చేసేది కూడా అంతే కదా. నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మంటే కుక్కలకి అంత పిచ్చి ఎందుకో ఇప్పుడు అర్థమైందా? అప్పటిదాకా స్నేహంగా ఆడిన పెద్ద కుక్కకి ఆ క్షణంలో ఎదురుగా ఉన్నది మిన్నీ అన్న సంగతే పట్టదు. నోటికి చిక్కిందాన్ని విదిలిస్తుంది. చిన్న కుక్క మెడకీ వెన్నుకీ ఆ విదిలింపే ప్రమాదం.

జాతిని బట్టి ఈ బుద్ధిలో తేడా ఉంటుంది. ముధోల్, కారవాన్ లాంటి హౌండ్‌లు కుందేళ్లని చూపుతో కనిపెట్టి తరిమి పట్టడానికే తరతరాలుగా పెంచినవి. రాజపాళయం కూడా వేటకుక్కే. వీటితో చిన్న జాతిని పెంచకూడదని అనను. కలిసి నడవొచ్చు, ఒకే గదిలో పడుకోవచ్చు. కానీ తాడు విప్పి పరుగులాట మాత్రం వద్దు, అది ఎంత మంచి కుక్కయినా సరే. జర్మన్ షెపర్డ్ పూర్వీకులు గొర్రెల్ని కాసినవి కాబట్టి అది చిన్నదాని దారికి అడ్డంపడి, మడమల దగ్గర పళ్లు ఆనిస్తుంది. ఇక లాబ్రడార్, వేటగాడు కొట్టిన పక్షిని నలగకుండా నోట కరుచుకుని తేవడానికి వాడిన జాతి. నోరు మెత్తన, పంజా కాదు. ఆట పట్టిందంటే ముందుకాలితో ఒక్కటి వేస్తుంది.

చోటు, సామాను

మన ఇళ్లలో హాలంతా టైల్స్ లేదా గ్రానైట్. పరుగులాటకి ఇంతకన్నా పనికిరాని నేల లేదు. బ్రూనో ఆగాలనుకున్నా ఆగలేడు, జారుకుంటూ వెళ్లి మిన్నీని గోడకి నొక్కేస్తాడు. పెరట్లో మట్టి ఉంటే అదే మేలు. మేడ మీదయితే పిట్టగోడ ఎత్తు, సందులు చూసుకోండి. ఎండాకాలంలో పొద్దుగూకాక కూడా ఆ నేల కాలుతూనే ఉంటుంది, అరచెయ్యి ఆనించి చూశాకే వదలండి. ఫ్లాట్ తప్ప వేరే గతి లేదంటే పెద్ద కొబ్బరిపీచు చాపో, రబ్బరు మ్యాటో పరిచి ఆట దానిమీదే జరిగేలా చూడండి.

ఆటకి ముందు మెడలోని గొలుసులు, గజ్జెలు, వెడల్పాటి బెల్టులు రెండింటికీ తీసేయండి. ఆడుతూ ఒకటి ఇంకోదాని మెడ పట్టుకున్నప్పుడు కింది దవడ బెల్టులో ఇరుక్కుంటే రెండూ భయంతో గింజుకుంటాయి, బెల్టు మెలికపడి ఊపిరాడదు. బ్రూనోకి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్, దానికి ఐదారు అడుగుల తేలికపాటి తాడు చాలు. తాడు నేల మీద ఈడ్చుకుంటూ ఉంటుంది, మీరు పట్టుకోనక్కర్లేదు. అవసరమైతే దాని మీద కాలేయండి.

మాట నేర్పడం

ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట ఖాయం చేసుకోండి. నాన్న 'స్టాప్' అని, పిల్లలు 'నో నో నో' అని, నాయనమ్మ 'ఒరేయ్ వదలరా దాన్ని' అని అంటుంటే బ్రూనో ముగ్గురి మాటా వినడు. ఇక్కడ 'ఆగు' అనుకుందాం. మళ్లీ మొదలుపెట్టడానికి 'ఆడుకో'. రెండో మాట లేకపోతే మొదటిది పనిచేయదు, ఎందుకో చూడండి.

మొదటి మూడు నాలుగు రోజులు మిన్నీ వేరే గదిలో ఉండాలి. ఒక పాత తువ్వాలు ముడివేసి బ్రూనోతో లాగుడాట ఆడండి. వాడు హుషారెక్కగానే 'ఆగు' అని, మీ చెయ్యి కదపకుండా బిగబట్టండి. లాగొద్దు. మీరు లాగితే అది కూడా ఆటే. ఉప్పూకారం వేయని ఉడికించిన చికెన్ ముక్క వాడి ముక్కు దగ్గర పెట్టండి. తువ్వాలు వదిలిన మరుక్షణం ముక్క వాడిది. రెండు సెకన్లు ఆగి 'ఆడుకో' అని తువ్వాలు మళ్లీ అందించండి. చాలామంది ఇక్కడే తువ్వాలు తీసుకెళ్లి అటక మీద పెట్టేస్తారు. అప్పుడు 'ఆగు' అంటే సంబరం ఐపోయిందని కుక్కకి అర్థమవుతుంది, రేపు వినదు. ఆగితే ముక్క దొరుకుతుంది, ఆపైన ఆట కూడా తిరిగొస్తుంది అని వాడికి నమ్మకం కుదరాలి. చికెన్ కన్నా ఆ తిరిగి రావడమే పెద్ద లంచం.

తువ్వాలు దగ్గర మాట వింటున్నాడంటే పరుగులోకి మార్చండి. మీరు పరిగెత్తండి, వాడు వెంటపడతాడు. హఠాత్తుగా నిలబడి 'ఆగు'. నిలబడితే ముక్క, 'ఆడుకో', మళ్లీ పరుగు.

ఆ తర్వాత మిన్నీ ప్రవేశం. దాని తాడు ఇంకొకరి చేతిలో, దూరంగా, వరండా అవతలి చివర. బ్రూనో తాడు మీ చేతిలో. వాడు మిన్నీని చూస్తాడు, చూడనివ్వండి. మీరు పిలవకుండానే తల తిప్పి మీవైపు చూసిన క్షణంలో ముక్క. తిప్పకుండా బిగుసుకుపోతే మీరు మరీ దగ్గరికి తెచ్చారన్నమాట, నాలుగడుగులు వెనక్కి జరగండి. ఈ ఒక్క మెట్టు మీద కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి మూడు వారాలు. పక్కింటివాళ్ల కుక్కతో పోల్చుకోవద్దు.

ఆఖరికి అసలు ఆట. తాడు నేలమీద వదిలి, రెండింటినీ ఆడనివ్వండి. ముప్పై సెకన్లు గడవగానే, అంతా బాగానే ఉన్నా సరే, 'ఆగు'. బ్రూనో మీ దగ్గరికొస్తే ముక్క. ఇప్పుడు వాడి హార్నెస్ పట్టుకుని మిన్నీని చూడండి. అది తనంతట తాను గెంతుకుంటూ వాడి మూతి దగ్గరికి వస్తే 'ఆడుకో'. ఒళ్లు విదుల్చుకుని, పెదాలు నాక్కుంటూ సోఫా కిందికి దూరితే ఆ పూటకి ఆట ముగిసింది. బ్రూనో ఎంత బతిమాలినా, మీ పిల్లలు ఎంత బతిమాలినా సరే. చిన్నదానికి ఇష్టముందో లేదో కనిపెట్టడానికి ఇంతకన్నా నికరమైన పరీక్ష నాకు తెలియదు. రోజుకి ఐదు నిమిషాల ఆట చాలు. కడుపు నిండా తిన్నాక మాత్రం ఆడించొద్దు. గ్రేట్ డేన్, షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

మిన్నీ కూడా విద్యార్థే

ఇది మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోని సంగతి. మిన్నీ వెళ్లి నిద్రపోతున్న బ్రూనో చెవి కొరుకుతుంది, మొహం మీదికెక్కి మొరుగుతుంది. అందరూ నవ్వుతారు, ఒకరు వీడియో తీస్తారు. అదే పని బ్రూనో చేస్తే చెప్పు తీస్తారు. చివరికి బ్రూనో ఒకసారి గుర్రుమంటాడు, తిట్లు వాడికే పడతాయి. గుర్రుమనడం వాడి హెచ్చరిక. దానికి కొడితే వాడు హెచ్చరించడం మానేస్తాడు, తర్వాత నేరుగా కరుస్తాడు. వాడు గుర్రుమంటే మిన్నీని అక్కడినుంచి పిలవండి. అది పిలిస్తే వచ్చేలా 'రా' అనే మాట దానికీ రోజూ ముక్క పెట్టి నేర్పండి. మితిమీరితే గ్రిల్ అవతల రెండు నిమిషాలు ఒంటరిగా ఉంచండి.

భయమేయగానే మిన్నీని గబుక్కున ఎత్తుకోవడం మానండి. పైకి లేచిన దాన్ని అందుకోవడానికి బ్రూనో మీ మీదికి గెంతుతాడు. జారిపడితే బుల్లి జాతుల ముందుకాళ్ల ఎముకలు పుల్లల్లా విరుగుతాయి. ఎత్తుకునే బదులు రెండింటి మధ్యకి నడవండి, గుప్పెడు ముక్కలు బ్రూనో వైపు నేల మీద చల్లండి.

మీ ఇంట్లో చిన్నది డాక్స్‌హండ్ అయితే పెద్దదాన్ని దాని వీపు మీద కాలు వేయనివ్వకూడదు, ఆ పొడుగాటి వెన్నులోని డిస్కులు తేలిగ్గా దెబ్బతింటాయి. పగ్, షిట్జూ అయితే కళ్లు జాగ్రత్త. మెడ మీద గట్టిగా పట్టు పడితే కనుగుడ్డు బయటికి వచ్చేయొచ్చు. అలా జరిగితే లోపలికి నెట్టొద్దు, తడిగుడ్డ కప్పి అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కాలింగ్ బెల్ మోగినప్పుడు, గేటు దగ్గర కొరియర్ అబ్బాయి నిలబడ్డప్పుడు, వీధిలో టపాకాయలు పేలినప్పుడు ఆట ఉండకూడదు. రెండూ గేటు మీదికి ఎగబడి మొరుగుతుంటాయి, బయటివాడు అందడు, ఆ ఉద్రేకం పక్కనున్న చిన్నదాని మీదికి తిరుగుతుంది. ఎప్పుడూ పోట్లాడుకోని జంటకి కూడా ఇది జరగొచ్చు.

నిజంగానే పోట్లాట జరిగితే చేతులు మధ్యలో పెట్టొద్దు. దుప్పటి విసరండి, బకెట్ నీళ్లు గుమ్మరించండి. పట్టు వదిలేదాకా చిన్నదాన్ని లాగొద్దు, కండ చీలిపోతుంది. విడిపోయాక పైకి రెండు చిన్న చిల్లులే కనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, చర్మం కింద ఎంత నలిగిందో బయటికి తెలియదు. ఇక ఆ జంటకి ఈ పాఠం ఆపి మూడో పాఠానికి వెళ్లండి.

ఈ వారం ఇంటిపని

తువ్వాలు ఆట రోజూ రెండుసార్లు, పూటకి మూడు నిమిషాలు. మిన్నీ ఎదుట ఉండగా, మామూలు గొంతుతో అన్న 'ఆగు'కి బ్రూనో పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగేదాకా తాడు తీయొద్దు. మీరు ఇంట్లో లేనప్పుడు రెండూ వేర్వేరు గదుల్లోనే.

ఇంకో పని. రెండింటి బరువూ తూచండి. జాతి పేరు చూసి ఊహించుకోవద్దు. పామేరియన్ అని మనం పెంచుకునేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే, వాటిలో ఆరేడు కిలోలవీ ఉంటాయి, పదిహేను దాటినవీ ఉంటాయి. చిన్నదాన్ని ఎత్తుకుని ఇంట్లో త్రాసు మీద నిలబడి, మీ బరువు తీసేయండి. బ్రూనోని ఎత్తుకోలేరు కాబట్టి డాక్టరు దగ్గర తూపించండి. ఆ రెండు అంకెలూ రాసుకుని ఐదో పాఠానికి రండి. గిన్నెలో ఎంత పెట్టాలో, నట్టల మాత్ర ఎంత వేయాలో, పిడుదుల మందులో పెద్దదానిది చిన్నదానికి ఎందుకు సగం చేసి పోయకూడదో అన్నీ వాటిని బట్టే చెప్పుకుందాం.