ఇమేజ్ సెన్సర్ చిప్‌ను ప్యాకేజీలో అమర్చే విధానం

మామూలు చిప్‌ను నల్లటి రెసిన్‌తో పూర్తిగా కప్పేయవచ్చు గానీ, ఇమేజ్ సెన్సర్‌కు (కెమెరాలో కాంతిని చిత్రంగా మార్చే చిప్) వెలుతురు తగలాలి కనుక పైన గాజు పలక ఉండాలి. పని మొత్తం క్లీన్‌రూమ్‌లోనే (గాలిలో ధూళి లేకుండా వడగట్టిన గదిలోనే) జరగాలి; పిక్సెల్ (చిత్రంలో ఒక్కో చుక్కను పట్టే గడి) వెడల్పు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉన్నప్పుడు 5 మైక్రాన్ల ధూళి కణం పడినా పదుల పిక్సెళ్లు మూసుకుపోతాయి.

ముందుగా చిప్‌ను ప్యాకేజీ (చిప్‌ను కాపాడే పెట్టె) సిరామిక్ అడుగుపై ఏమాత్రం వాలు లేకుండా జిగురుతో అతికించాలి. చిప్ ఒరిగితే, లెన్స్ ఎంత మంచిదైనా చిత్రంలో ఒక అంచు మసకబారుతుంది. తర్వాత చిప్ అంచుల్లోని ప్యాడ్లను (విద్యుత్ కలిపే లోహపు బిళ్లలను) సుమారు 25 మైక్రాన్ల మందం గల బంగారు తీగలతో అడుగుకు కలపాలి. అసలు నేర్పంతా గాజు అతికించడంలోనే ఉంది: జిగురుతో చుట్టూ పూర్తిగా మూసేసి వేడి చేస్తే లోపలి గాలి వ్యాకోచించి గాజును పైకి నెడుతుంది, కాబట్టి సన్నని సందు వదిలి, జిగురు గట్టిపడ్డాకే దాన్ని మూయాలి. అతినీలలోహిత కాంతికి గట్టిపడే జిగురైతే ఈ బెడద తక్కువ.