రబీ విత్తనం కొనకముందే ఊరి నీళ్ళు లెక్కేసుకోండి

అనంతపురం వైపు వానలు ఓ మాదిరిగా పడిన ఏడాదే నాకు భయం ఎక్కువ, చెరువులో కాసిని నీళ్ళు కనపడగానే తలా ఒక వరి మడి దున్నేస్తారు, సంక్రాంతి దాటేసరికి బోర్లు గాలి కక్కుతాయి, వెంటనే అప్పు చేసి బోరు బండిని పిలుస్తారు. మా ఇంట్లోనే అట్లా మూడు బోర్లు పోయినాయి. అందుకే ఈసారి విత్తనం కొనకముందే చెప్తున్నా.

అక్టోబర్ ఆఖర్లో ఒక రాత్రి చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపించి, పొద్దున్నే కరెంటు రాకముందే నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూడండి. మోటరు లేని పాత బోరైతే మంచిది, మోటరున్న బోర్లో టేపు దింపితే కేబుల్‌కి చుట్టుకుంటుంది. టేపు చివర చిన్న ఇనుప గిన్నె బోర్లించి కట్టి వదిలితే నీళ్ళు తాకగానే టప్‌మని వినిపిస్తుంది, ఆ లోతు ఊళ్ళో అందరూ చూసే గోడ మీద రాయండి, నెలనెలా అదే బోర్లో చూసి రాస్తుండండి.

తర్వాత ఎవరి బోరు ఎంత పోస్తుందో చూసుకోవాలి. మోటరు వేయగానే వచ్చే నీళ్ళు చూసి మోసపోవద్దు, అరగంట ఆగి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్లో టైమ్ చూడండి. 80 సెకన్లకి నిండితే గంటకి 9 వేల లీటర్లు, రోజుకి 7 గంటలు ఆడితే 63 వేలు, వంద రోజులకి 63 లక్షలు. వరికి ఎకరాకి దగ్గరదగ్గర 48 లక్షల లీటర్లు పోతాయి, వేరుశనగకి 20 లక్షలు చాలు. అంటే అదే బోరు కింద వరి ఎకరం పైచిలుకు, శనక్కాయ మూడెకరాలు. అదీ ఫిబ్రవరిలో బోరు తగ్గకపోతేనే, కాబట్టి మూడోవంతు తీసేసి లెక్కేసుకోండి.

ఇదేమీ నేను కనిపెట్టిన లెక్క కాదు. 2000 తర్వాత ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఏపీఫామ్స్ అనే, రైతులే భూగర్భ జలాలు చూసుకునే ప్రాజెక్టు మన అనంతపురం, కడప, కర్నూలు నుంచి నల్గొండ దాకా 7 కరువు జిల్లాల్లో రైతుల చేతే వాన, నీటి మట్టం కొలిపించింది. ఈ పంట వెయ్యొద్దని ఎవ్వరినీ బలవంతం చేయలేదు, లెక్క ఊరందరి ముందు పెట్టారంతే, చూశాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించుకున్నారు.

అసలు కష్టం నీళ్ళు పంచుకునే దగ్గరే. మేం నలుగురం రెండు బోర్లు కలిపి పైపులైన్ వేసుకున్నాం, బోరు లేని ఇద్దరికి కూడా వానాకాలం శనక్కాయ ఊడ దిగేటప్పుడు ఒక్క తడి ఇవ్వాలని మాట, ఆ ఒక్క తడితోనే పంట నిలబడుతుంది. మొదటి ఏడాది నోటి మాటతో నడిపితే మోటరు కాలినప్పుడు గొడవైంది, రెండు వారాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కాబట్టి ముందే కాగితం రాసుకోండి, వంతు ఎవరిది, గేట్ వాల్వు ఎవరు తిప్పాలి, మోటరు కాలితే ఖర్చు ఎట్లా, కొత్త బోరు ఎన్నేళ్ళు వెయ్యకూడదు అన్నీ. ఆడవాళ్ళని తప్పకుండా కూర్చోబెట్టండి అన్నా, మళ్ళు కట్టి రాత్రిపూట నీళ్ళు మలిపేది వాళ్ళు కూడానే కదా.

ఇంత చేసినా బోరు వెయ్యక తప్పదంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ తీసుకోండి, పక్క బోరుకి ఎంత దూరమో కొలవండి, నీళ్ళు చూసేవాడి చేతిలో కొబ్బరికాయ నిలబడిందని లక్షలు పొయ్యొద్దు. బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వితే వాన బురద నేరుగా బోర్లోకి పోనివ్వకండి, కంకర, ఇసుక గుండా వడకట్టుకుని దిగాలి, లేకపోతే ఉన్న ఊటలు కూడా పూడుకుపోతాయి.

నీళ్ళు పడని బోరు ఉంటే మాత్రం రేపు మాపు అనొద్దు. కేసింగ్ పైపు పీక్కుని పోయి గోనెసంచి కప్పుతారు కొందరు, దాని మీద పిల్లోడు కాలేస్తే ఏమౌతుందో ఆలోచించండి. మట్టితో నిండా పూడ్చేయండి, లేదా ఇనుప మూత పెట్టి బోల్టు బిగించండి, ఈరోజే.