పాస్ట్ టెన్సా, ప్రెజెంట్ టెన్సా?

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ టెన్స్ వాడాలో తేలకపోతే, ముందుగా ఆ వాక్యంలో పని ఎప్పుడు జరిగిందో చెప్పే మాట ఉందేమో చూడండి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టూ డేస్ అగో: ఏదున్నా సింపుల్ పాస్టే. ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. తెలుగులో ‘చూశాను’ ఒక్కటే ‘సా’, ‘హావ్ సీన్’ రెండింటి పనీ చేస్తుంది కదా, అందుకే ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అనేస్తారు. అది తప్పు. హావ్ సీన్ ప్రెజెంట్ పర్ఫెక్ట్. అయిపోయిన సమయం పేరు పక్కన అది ఇమడదు.

అలవాట్లకు, ఎప్పటికీ నిజంగా ఉండే విషయాలకు సింపుల్ ప్రెజెంట్.

జరిగిన సంగతి చెప్పేటప్పుడు పాస్ట్ సులువు. సినిమా కథ చెప్పాలంటే మాత్రం ప్రెజెంటే ఆనవాయితీ: ‘ద హీరో లీవ్స్ హోమ్’. రాశాక క్రియల కింద గీతలు గీసి, వాటినే వరుసగా చదవండి. కారణం లేకుండా కాలం మారినచోటు ఇట్టే దొరుకుతుంది.