పెద్ద బైక్ వెనక చక్రానికి కారు టైరు వేయాలనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి చిత్తూరు వైపు బైక్ మీదే ఇంటికి వెళ్లొచ్చేవాళ్లకు టైరు ఖర్చు ఎంతో బాగా తెలుసు. రెండు వందల కిలోలు దాటిన బైక్‌కి వెనక టైరు పది పదిహేను వేల కిలోమీటర్లకే నడిమధ్యన నున్నగా అయిపోతుంది. కారు టైరేమో నలభై వేలు తేలిగ్గా లాగుతుంది. అలాంటప్పుడు అదే వేయించేస్తే పోదా అనిపించడం సహజం. అమెరికాలో హోండా గోల్డ్‌వింగ్ లాంటి భారీ బైకుల మీద దూరాలు తిరిగేవాళ్లలో కొందరు నిజంగానే వెనక చక్రానికి కారు టైరు వాడతారు. దాన్ని వాళ్లు ‘డార్క్‌సైడ్’ అంటారు.

నా మాట ముందే చెప్తున్నాను: మన దారులకు వద్దు. ఎందుకు వద్దో మీరే చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు.

ముందు పాత టైరు చదవండి

బైక్‌ని స్టాండ్ వేసి టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో తుడవండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియార్ 650 అయితే వెనక 150/80, 16 అంగుళాలు అని కనిపిస్తుంది. అంటే టైరు వెడల్పు 150 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 16 అంగుళాలు. ‘ఎం/సీ’ అని అచ్చయి ఉంటే అది మోటార్‌సైకిల్ టైరు. ఆ తర్వాత వచ్చే అంకె బరువుది: 71 ఉంటే 345 కిలోలు, 77 ఉంటే 412 కిలోలు మోస్తుంది. చివరి అక్షరం వేగానిది. ‘హెచ్’ అయితే గంటకు 210 కిలోమీటర్ల వరకు.

ఐఎస్‌ఐ గుర్తు దగ్గర ఉన్న నంబరు కూడా చూడండి. టూవీలర్ టైరుకు ఐఎస్ 15627, కారు టైరుకు ఐఎస్ 15633. షాపులో “సైజు ఒకటే సార్, పట్టేస్తుంది” అంటే ఈ నంబరు చూపించండి.

షాపులో రెండింటినీ వంచి చూడండి

బెంగళూరు జేసీ రోడ్డులో టైర్ల షాపుకి వెళ్లినప్పుడు ఒక కారు టైరు, ఒక బైక్ టైరు పక్కపక్కన నేల మీద నిలబెట్టించండి. బైక్ టైరు నేలను తాకే భాగం బోర్లించిన కొబ్బరిచిప్పలా గుండ్రంగా ఉంటుంది. కారుది పీటలా చదును. ఇప్పుడు రెండింటినీ చేత్తో పక్కకి వంచండి. బైక్ టైరు ఎటు వంచితే అటే మెత్తగా తిరుగుతుంది, రబ్బరు నేలను వదలదు. కారు టైరు అంచు మీదకి లేస్తుంది, మిగతా వెడల్పంతా గాల్లోనే ఉంటుంది. నేను ఆ సందులో చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్లూ దూరాయి.

బైక్ బరువు పడితే పక్కగోడ కొంత నలిగి ఆ సందు తగ్గుతుంది, నిజమే. అయినా ఆ టైరు ఎప్పుడూ చదునుగా నిలబడాలనే చూస్తుంది. మలుపు తిరిగినంతసేపూ మీరు హ్యాండిల్‌ని నొక్కిపట్టి ఉండాలి.

రిమ్ సంగతి

అంగుళాలు కలిసినంత మాత్రాన సరిపోదు. బైక్ రిమ్‌లో టైరు అంచు కూర్చునే చోటు ఒక ఆకారంలో ఉంటుంది, కారు టైరు అంచు ఇంకో ఆకారంలో ఉంటుంది. బలవంతంగా కూర్చోబెట్టాలని గాలి ఎక్కువ కొడితే అంచులోని తీగ తెగి టైరు పేలే ప్రమాదముంది. పక్కన నిలబడి గాలి కొట్టే కుర్రాడి గురించి కూడా ఆలోచించండి. పైగా కారు టైరు చదునైన భుజాలు (రెండు పక్కల మూలలు) వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కో చైన్‌కో తగలొచ్చు. కంపెనీ చెప్పని టైరు వేశాక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది.

మీ దారిని తలచుకోండి

మా స్నేహితుడు తన క్రూయిజర్‌కి కారు టైరు వేయించాక ఒకసారి నేను నడిపాను. హోస్కోటె, కోలారు, ముళబాగిలు వరకు రోడ్డు తిన్నగా ఉంటుంది కాబట్టి ఏ తేడా తెలియలేదు. బ్రేకు కూడా బాగానే పట్టింది. పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో దిగుతున్నప్పుడు ఎడమ మలుపులో కంకర కనిపించి చేతి పట్టు కాస్త సడలించాను. అంతే, బైక్ నిటారుగా లేచి ఎదురు లేన్‌లోకి పోయింది. ఎదురుగా ఎక్కి వస్తున్న లారీ ఇంకా కింది మలుపులోనే ఉండబట్టి బతికాను. ఆ నెలలోనే వాడు టైరు మార్పించేశాడు.

డబ్బు మిగలాలంటే ఇలా చేయండి

మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉండే డ్యూయల్ కాంపౌండ్ టూరింగ్ టైరు అడగండి. హైవేలో అరిగేది మధ్యభాగమే కాబట్టి మన వాడకానికి అదే సరైనది. మీ బైక్ మాన్యువల్‌లో ఉన్న సైజే తీసుకోండి, బరువు అంకె తగ్గకూడదు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. పాత స్టాకైతే వద్దనండి.

బిగించేటప్పుడు పక్కనే ఉండి టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూడండి. కొత్త వాల్వ్ వేయించండి, బ్యాలెన్సింగ్ చేయించండి.

టైర్లు ఎక్కువగా పాడయ్యేది గాలి తక్కువై. సొంతంగా గాలి కొలిచే గేజ్ ఒకటి కొనుక్కుని వారానికోసారి ఉదయం బండి తీయకముందే చూడండి. వెనక మనిషిని ఎక్కించుకునే రోజు మాన్యువల్‌లో చెప్పిన ఎక్కువ అంకెకు కొట్టించండి. కొత్త టైరు మొదటి 150 కిలోమీటర్లు జారే గుణంతో ఉంటుంది. అప్పటిదాకా గట్టి బ్రేకులు వద్దు, మలుపుల్లో బైక్‌ని వంచడం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోండి. అంచుల్లో కొత్త మెరుపు పోయి రబ్బరు గరుకుగా తగిలాకే ఘాట్ రోడ్డు ఎక్కండి.