కాగితం మీద కాసేపు – 3వ పాఠం: మెలిక ముగ్గు

పోయిన పాఠంలో ఊపిరితో పాటు గీత గీయడం చూశాం. ఆ గీతలు వంకరటింకరగా వచ్చినా పారేయకండి, పనికొస్తాయి. ఇవాళ పరీక్షల కంగారు తగ్గించుకోవడానికి మెలిక ముగ్గు. పాత నోటుబుక్కులో ఒక పేజీ, పెన్సిలు, పావుగంట చాలు. రబ్బరు మాత్రం సంచిలోనే ఉండనివ్వండి.

అడ్డంగా 4 చుక్కలు, అలాంటి వరుసలు 3. చుక్కకీ చుక్కకీ మధ్య బొటనవేలి వెడల్పు. పక్కపక్కనో, కిందామీదో ఉన్న ఏ రెండు చుక్కల మధ్య నుంచైనా గీత ఏటవాలుగా పోవాలి, చుక్కను తాకకూడదు. అంచుకొచ్చాక బయటి చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. పాత గీత అడ్డొస్తే దాటుకుని తిన్నగా పోవడమే. పెన్సిలు ఎత్తకుండా వెళితే 12 చుక్కలనూ చుట్టి, బయల్దేరిన చోటికే వస్తారు. గీత తనను తాను 17 చోట్ల దాటాలి. ముందే మూసుకుపోయిందా? ఎక్కడో మలుపు తప్పింది. ఇంకోటి వేయండి.

చూపు పెన్సిలు మొన మీదే. రేపటి ఫిజిక్స్ పరీక్ష గుర్తొస్తుంది, రానివ్వండి. అది వచ్చిందని ముందు చేతికి తెలుస్తుంది: వేగం పెరుగుతుంది, వేళ్ళు బిగుసుకుంటాయి. అప్పుడు చెయ్యి ఆపకుండా పట్టు వదులు చేసి, తర్వాతి చుక్క దగ్గరికి వెళ్ళండి. ఎన్నిసార్లు బిగిస్తే అన్నిసార్లు వదలడమే ఇవాళ్టి సాధన. అయ్యాక పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడమండి. గీత ఉబ్బుగా తగిలిన చోట మీరు ఏం తలుచుకుంటున్నారో చాలావరకు గుర్తొస్తుంది.

ఈ చుక్కల గొడవ దేనికి, తోచింది గీసుకోవచ్చుగా అంటారు. 2005లో కర్రీ, కాసర్ అనే పరిశోధకులు అమెరికాలో 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు కొంచెం ఆందోళన కలిగించి, తర్వాత రంగులు వేయించారు. మండలా అనే గుండ్రటి డిజైనుకో గళ్ళ డిజైనుకో రంగులు వేసినవాళ్ళకు ఆందోళన తగ్గింది, తెల్లకాగితం ఇచ్చినవాళ్ళకు అంతగా తగ్గలేదు. నాకేం ఆశ్చర్యం వేయలేదు. కంగారులో ఉన్నవాడికి తెల్లకాగితం ఇంకో ప్రశ్నపత్రం. ధనుర్మాసంలో మా అమ్మ మెలిక వేస్తుండగా పిలిస్తే, గీత కలిసేదాకా పలికేది కాదు.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం ముగ్గుతో సరిపెట్టకండి, ఇంట్లో చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలోపు రోజుకొకటి వేయండి. ఆఖరి రోజు 4 వరుసలు, వరుసకు 6 చుక్కలు పెట్టి చూడండి. ఈసారి ఒక్క గీతతో అవదు. ఎన్ని గీతలు పడతాయో, ఎందుకో 4వ పాఠంలో.